బ్యాకప్ సరే, రీస్టోర్ సంగతేమిటి?

వ్యాపార సంస్థ ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్నకు ఒకప్పుడు జవాబు చిన్నదే. ఎన్ని టేపులు కావాలి, ఎవరి డ్రైవు కొనాలి, రాత్రి ఎన్నింటికి మొదలుపెట్టాలి అన్నవి తేలితే చాలు. ఇవాళ అదే ప్రశ్న వేస్తే వీమ్, కామ్‌వాల్ట్, రూబ్రిక్, కోహెసిటీ, డ్రువా, ఆక్రోనిస్ అంటూ పేర్లు వరుస కడతాయి. వాటి కరపత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి దించారేమో అనిపిస్తుంది. అన్నీ వేగంగా కాపీ తీస్తాయట, అన్నీ తక్కువ చోటులో సర్దుతాయట, డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌ను అన్నీ తట్టుకుంటాయట. సదుపాయాల పట్టికలో టిక్కులు లెక్కపెట్టి కొనేవాళ్లకు వీటి మధ్య తేడా కనిపించదు.

తేడా లేకపోలేదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకం నష్టాన్ని చూసి పుట్టింది. ఆ నష్టం విషయంలో అది గట్టిగా నిలబడుతుంది, మిగతావాటికి తరవాత అతికించిన జవాబులు చెబుతుంది. యంత్రం చెడిపోవడం, చోటు నాశనం కావడం, తాళంచెవులు పరాయివాళ్ల చేతుల్లో పడటం అన్న మూడు నష్టాలు ఆ వరుసలోనే ఈ రంగాన్ని నడిపించాయి. పోలిక కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

టేపు కాలం, ఆ తరవాత

ఐబీఎం తన 726 టేపు డ్రైవును 1952లో తెచ్చింది. ఆ తరవాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు సంస్థల్లో బ్యాకప్ అంటే టేపే. పగలంతా పని, రాత్రి కాపీ, పొద్దున్నే టేపు తీసి బీరువాలో పెట్టడం. పెద్ద సంస్థల్లో నేటికీ నడుస్తున్న నెట్‌బ్యాకప్, 1988లో బెల్ ల్యాబ్స్‌లో ఒక బృందంగా మొదలై తరవాత విడి సంస్థ అయిన కామ్‌వాల్ట్, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1991లో తయారై ఉచితంగా అందరికీ అందిన అమాండా, ఇవన్నీ ఆ వాతావరణంలో పెరిగినవే. వీటికి ప్రాణం కేటలాగులో ఉంటుంది. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో రాసుకున్న ఆ పట్టీ పోతే గది నిండా టేపులున్నా వెతుక్కోవడానికే రోజులు పడుతుంది.

రోజూ మొత్తం కాపీ తీయడానికి రాత్రి చాలదు కనుక ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా రోజుల్లో ఆనాడు మారినవి మాత్రమే తీసే ఇంక్రిమెంటల్ పద్ధతి స్థిరపడింది. తీసేటప్పుడు ఇది హాయిగానే ఉంటుంది. శుక్రవారం సర్వర్ పోయిందంటే మాత్రం ఆదివారం టేపుతో మొదలుపెట్టి సోమ, మంగళ, బుధ, గురువారాల టేపులన్నీ వరసగా ఎక్కించాలి. నడుమ ఒక్కటి చదవకపోతే దాని తరవాతివి దండగే. ఆదివారం నుంచి మారినదంతా ప్రతి రాత్రీ తీసే డిఫరెన్షియల్ పద్ధతిలో రెండు టేపులతో పని అయిపోతుంది, కానీ వారం చివరికొచ్చేసరికి కాపీ ఉబ్బిపోతుంది. తీయడం తేలిక చేస్తే తిరిగి తేవడం కష్టమవుతుంది, దీన్ని తేలిక చేస్తే అది బరువవుతుంది. సాంకేతికత ఎంత మారినా ఈ పేచీ మాత్రం మారలేదు.

డిస్కుల ధరలు పడిపోవడం, ఒకే ముక్క పదిచోట్ల ఉన్నా ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ రావడం టేపు ఏకఛత్రాధిపత్యాన్ని దెబ్బతీశాయి. ఆ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన డేటా డొమైన్ కోసం 2009లో ఈఎంసీ, నెట్‌యాప్ పోటాపోటీగా పాట పెంచాయి. చివరికి 200 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి ఈఎంసీ దక్కించుకుంది. అదే సమయంలో సంస్థలు ఒక్కో పనికి ఒక్కో సర్వర్ పెట్టడం మానేసి, ఒకే యంత్రం మీద పది వర్చువల్ మెషీన్లు నడపడం మొదలుపెట్టాయి. పాత సాఫ్ట్‌వేర్లు పదింటిలోనూ తమ ఏజెంట్లను కూర్చోబెట్టి అన్నింటినీ ఒకేసారి కాపీ తీయబోతే కింది యంత్రం చతికిలపడేది. 2006లో మొదలైన వీమ్ ఆ ఇబ్బందిని పట్టుకుంది. లోపలికి వెళ్లకుండా, వర్చువలైజేషన్ పొరతోనే మాట్లాడి, మారిన బ్లాకులు మాత్రమే తీసుకుంది. 2010లో ఇంకో అడుగు వేసింది. పోయిన మెషీన్‌ను మొత్తం కాపీ చేసేదాకా ఆగకుండా, బ్యాకప్ ఫైలు మీద నుంచే నేరుగా బూట్ చేసి, వెనక తీరిగ్గా కాపీ చేసుకునే ఏర్పాటు అది. తిరిగి తేవడానికి గంటల బదులు నిమిషాలు చాలునన్న ఆశ అప్పుడు పుట్టింది.

టేపు పని అయిపోయిందని ఎవరో ఒకరు ప్రకటిస్తూనే ఉంటారు. 2000లో వచ్చిన మొదటి ఎల్‌టీఓ టేపు 100 జీబీ పట్టేది, 2021 నాటి ఎల్‌టీఓ-9 టేపు 18 టీబీ పడుతుంది. డ్రైవులోంచి తీసి అలమరలో పెట్టిన టేపును ఏ హ్యాకరూ చెరపలేడు. ఆ ఒక్క గుణం వల్లే దాన్ని ఇంకా అడిగేవాళ్లున్నారు.

ముందు తేల్చుకోవాల్సిన రెండు లెక్కలు

ఈ రంగంలో ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అన్న రెండు మాటలు పదేపదే వినిపిస్తాయి. ఎంతసేపటి పని పోయినా తట్టుకోగలమన్నది మొదటిది. ఎంతసేపు దుకాణం మూసుకోగలమన్నది రెండోది. రాత్రికొకసారి బ్యాకప్ తీసే సంస్థకు సాయంత్రం నాలుగింటికి సర్వర్ పోతే ఆనాటి బిల్లులన్నీ పోయినట్టే. ఆ బిల్లులు కాగితం మీద ఉంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆన్‌లైన్ ఆర్డర్లయితే ఎవరిని అడుగుతారు?

రెండో లెక్కను చాలామంది అసలు వేయరు. పది టెరాబైట్ల డేటా క్లౌడ్‌లో భద్రంగా ఉందనుకుందాం. ఆఫీసుకు సెకనుకు 100 మెగాబిట్ల లైను ఉంది. ఆ లైను ఒక్క క్షణం తడబడకుండా పూర్తి వేగంతో నడిచినా ఆ డేటా దిగడానికి తొమ్మిది రోజులు దాటుతుంది. గిగాబిట్ లైనుకైనా 22 గంటలు పడుతుంది. చవగ్గా దొరుకుతుందని అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో దాచినవాళ్లు ఇంకో గడువు కలుపుకోవాలి. అక్కడ దింపుకోవడానికి ముందు డేటా సిద్ధం కావడానికే మామూలుగా 12 గంటల దాకా, చవక పద్ధతిలో 48 గంటల దాకా పట్టవచ్చు. అమ్మకానికి వచ్చినవాళ్ల డెమోలో ఒక వర్డ్ ఫైలు మూడు సెకన్లలో తిరిగి రావడం చూపిస్తారు కాబట్టి ఈ లెక్క ఎవరికీ తట్టదు.

ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. 2022 నవంబరు 23న రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దెబ్బతినని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటా తిరిగి దొరికిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అయినా సుమారు రెండు వారాల పాటు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబు రిపోర్టులు చేతిరాతతోనే నడిచాయి. డేటా దక్కింది, కాలం దక్కలేదు.

మూడు నష్టాలు

మొదటిది అందరికీ తెలిసిందే, డిస్కు పోవడం. మన ఊళ్లలో ఎన్నో మెడికల్ ఏజెన్సీల్లో, ఆడిటర్ ఆఫీసుల్లో ట్యాలీ బ్యాకప్ సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌లోకి తీస్తారు. తెర మీద అవి రెండు డ్రైవులుగా కనిపించినా లోపల చాలాసార్లు ఒకే హార్డ్ డిస్కు, గీత గీసి పంచుకున్న రెండు భాగాలు. అది కాలిపోతే రెండూ పోతాయి. ఇంకొందరు రెయిడ్ పెట్టించాం కదా అంటారు. ఒక డిస్కు పోయినా రెండోది నడుస్తుందన్నది నిజమే. పొరబాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోంచీ అదే క్షణంలో పోతుందన్నది కూడా అంతే నిజం.

రెండోది చోటు పోవడం. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరి బయట అన్న 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్. తన వృత్తివాళ్ల బొమ్మలు పోకుండా చెప్పిన మాట కంప్యూటర్ రంగానికే వేదమైంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, కంప్యూటర్ పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పెట్టుకున్న దుకాణానికి ఆ రెండో కాపీ ఏం పనికొస్తుంది? అలాగని అంతా క్లౌడ్‌కు వదిలేసినా చాలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల పాటు కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. లైను లేని చోట క్లౌడ్ కాపీ ఆకాశంలోనే ఉండిపోతుంది. దగ్గర ఒకటి, దూరంగా ఒకటి ఉండాలన్న మాట మన తీరప్రాంతానికి రెండు వైపులా వర్తిస్తుంది.

పెద్దవాళ్లూ ఇందులో తప్పించుకోలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్‌కు విడిగా డబ్బు కట్టిన కొందరు ఖాతాదారుల కాపీలు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. వ్యవహారం కోర్టుకెక్కి, నష్టపరిహారం కట్టాలన్న తీర్పులు వచ్చాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌కు నిప్పంటుకున్నప్పుడు ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టీబీ డేటా పోయింది. అంత పెద్దదానికి బయట కాపీ పెట్టడం కుదరక పెట్టలేదని చెప్పారు. ఎంత పెద్దదైతే అంత ముందుగా కాపీ కావాల్సిన డేటాకు, పెద్దదన్న కారణంతోనే కాపీ లేకుండా పోయింది.

మూడో నష్టం కొత్తది, గత పదేళ్ల పోటీ అంతా దాని చుట్టూనే. కోడ్ స్పేసెస్ అనే సంస్థ 2014 జూన్‌లో ఒక్క దాడితో మూతపడింది. దాని అమెజాన్ ఖాతా తాళాలు దొంగల చేతికి చిక్కాయి, డబ్బు అడిగారు, సంస్థ ఎదురు తిరిగితే డేటానూ బ్యాకప్‌లనూ కలిపి చెరిపేశారు. కాపీలున్నాయి, వేరే చోట్లా ఉన్నాయి, కానీ అన్నింటికీ తాళంచెవి ఒక్కటే. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ షిప్పింగ్ సంస్థను ముంచినప్పుడు, లాగిన్లను నడిపే డొమైన్ కంట్రోలర్లన్నీ ఒకదాని కాపీ ఒకటిగా ఉండి ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో కరెంటు పోయి ఆగి ఉన్న ఒక్క యంత్రం మాత్రం బతికింది. దాన్ని పట్టుకుని 4,000 సర్వర్లు, 45,000 పీసీలు పది రోజుల్లో తిరిగి నిలబెట్టారు. అది ప్రణాళిక కాదు, అదృష్టం. నాట్‌పెట్యాకు నెల ముందు వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు.

అందుకే ఇప్పుడు 3-2-1కి ఇంకో ఒకటి, ఒక సున్నా తోక తగిలించారు. ఒక కాపీ ఎవరూ మార్చలేనిదో, నెట్‌వర్క్‌కు తగలనిదో అయి ఉండాలి. రీస్టోర్ పరీక్షలో తప్పులు సున్నా ఉండాలి. మార్చలేని కాపీని ఇమ్యూటబుల్ అంటున్నారు. గడువు తీరేదాకా యజమాని పాస్‌వర్డ్‌తో కూడా దాన్ని చెరపడం కుదరదు. అమెజాన్ ఎస్3లో ఆబ్జెక్ట్ లాక్ పేరుతో 2018లో ఈ ఏర్పాటు వచ్చింది, తరవాత దాదాపు అందరూ అందిపుచ్చుకున్నారు.

ఎవరి బడి ఏది

సాఫ్ట్‌వేర్ మాది, యంత్రం మీ ఇష్టం అనేవాళ్లది మొదటి బడి. వీమ్, కామ్‌వాల్ట్, నెట్‌బ్యాకప్ ఇక్కడి పెద్దలు. ఉన్న సర్వర్లు, ఉన్న డిస్కులు, టేపు, ఏ క్లౌడ్ అయినా సరే కలుపుకుపోతాయి. రకరకాల పాత వ్యవస్థలున్న సంస్థకు ఇంతకంటే అనువైనవి లేవు. ఒరాకిల్, శాప్, పాత యూనిక్స్ లాంటివన్నీ ఒకే చోట ఉన్న పెద్ద సంస్థకు కామ్‌వాల్ట్ పరిధి విశాలం, నేర్చుకోవడం కష్టం. వీమ్ తేలిగ్గా చేతికొస్తుంది, వర్చువల్ మెషీన్ల విషయంలో దాని పట్టు ఇప్పటికీ గట్టిదే. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ సంస్థ వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొని లైసెన్సుల పద్ధతి మార్చాక చాలామంది అలాంటివే అయిన ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ వైపు చూస్తున్నారు. ఇది పసిగట్టి వీమ్ 2024లో ప్రాక్స్‌మాక్స్‌కూ మద్దతు తెచ్చింది. ఈ బడి లోపం దాని స్వేచ్ఛలోనే ఉంది. భద్రంగా అమర్చే బాధ్యత కొన్నవాళ్లదే. బ్యాకప్ సర్వర్‌ను ఆఫీసు మొత్తం వాడే డొమైన్‌లోనే చేర్చి, అదే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి నడిపే చోట ఎంత ఖరీదైన లైసెన్సైనా మూడో నష్టాన్ని ఆపలేదు.

రెండో బడి ఆ స్వేచ్ఛే వద్దంటుంది. 2013లో మొదలైన కోహెసిటీ, 2014లో మొదలైన రూబ్రిక్ సాఫ్ట్‌వేర్, డిస్కు, ఫైల్ సిస్టమ్ అన్నీ ఒకే పెట్టెగా ఇస్తాయి. ఒకసారి రాసింది దిద్దడానికి వీల్లేకుండా లోపలే కట్టేస్తాయి. బిగించడం సులువు, తప్పు చేసే అవకాశం తక్కువ, ధర ఎక్కువ. బయటికి రావడం కూడా అంత సులువు కాదు.

మూడో బడిలో యంత్రమే ఉండదు. పుణెలో 2008లో మొదలైన డ్రువా ప్రధానంగా అమెజాన్ క్లౌడ్ మీద నడుస్తుంది. ఊరూరా ల్యాప్‌టాప్‌లు, క్లౌడ్‌లో మెయిళ్లు, చిన్నచిన్న బ్రాంచీలు ఉన్న సంస్థకు ఇది చక్కగా సరిపోతుంది. కాపీలు మొదటి నుంచీ సంస్థ నెట్‌వర్క్‌కు బయటే ఉంటాయి కనుక మూడో నష్టానికి సహజంగానే దూరం. పైన వేసిన తొమ్మిది రోజుల లెక్క మాత్రం ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఆక్రోనిస్ యాంటీవైరస్‌నూ బ్యాకప్‌నూ ఒకే ఏజెంట్‌లో కలిపింది. 2022లో కసేయా చేతికి వెళ్లిన డాటో నేరుగా వాడేవాళ్లకంటే, చిన్న సంస్థల కంప్యూటర్లు చూసిపెట్టే సర్వీస్ కంపెనీలకు అమ్ముతుంది. సొంత ఐటీ మనిషి లేని చోట ఈ రకం బాగా నడుస్తుంది. దొంగను పట్టేవాడూ పోయిన సొమ్ము దాచేవాడూ ఒకడే కావడం మంచిదా అన్న అనుమానం మాత్రం ఆ పక్కనే ఉంటుంది.

ఇక ఉచితంగా దొరికేవి. బాక్యులా, బోర్గ్, రెస్టిక్, 2020లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ నాణ్యతలో దేనికీ తీసిపోవు. లైనక్స్ తెలిసిన మనిషి జీతానికి ఉన్నంత కాలం వీటంత చవక లేదు. ఆ మనిషి మానేసిన రోజు వీటంత ఖరీదు లేదు.

గిట్‌ల్యాబ్ రాత్రి

పోలిక పట్టికలు చెప్పలేనిది ఒక్క సంఘటన చెబుతుంది. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఇంజినీరు ఒకరు డేటాబేస్ నకలు ఒకటి సరిగా నడవక, దాన్ని తుడిచి మళ్లీ మొదలుపెట్టబోయారు. రెండు తెరల్లో పొరబడి ఆజ్ఞను అసలు సర్వర్ మీద నడిపారు. రెండో క్షణంలో గుర్తించి ఆపారు కానీ అప్పటికి 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ.

అసలు కథ అక్కడ మొదలైంది. వాళ్ల దగ్గర అయిదు రకాల ఏర్పాట్లున్నాయి. రోజువారీ డంప్ కోసం ఎస్3లో చూస్తే బకెట్ ఖాళీ. డంప్ తీసే ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ 9.2ది, డేటాబేస్ 9.6ది, అందుకని అది ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైనట్టు మెయిల్ పంపిందా అంటే పంపింది, సంతకం లేదని మెయిల్ సర్వర్ దాన్ని తిప్పికొట్టింది. అజూర్ డిస్కు స్నాప్‌షాట్లు డేటాబేస్ సర్వర్లకు పెట్టనేలేదు. రెప్లికేషన్ ఆ రాత్రి చెడిపోయిన సంగతే. చివరికి దక్కింది ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పరీక్ష కోసం చేత్తో తీసుకున్న ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల పని పోయింది. రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, జరిగిందంతా దాచకుండా రాసిపెట్టారు. అందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి.

ఇందులో ఏ సాఫ్ట్‌వేరూ చెడ్డది కాదు. ఆ పని జరుగుతోందా అని చూసే కన్ను లేదు. ఈ కన్ను కూడా సాఫ్ట్‌వేర్‌లో ఉందా లేదా అన్నది ఇప్పుడు పోలికలో పెద్ద అంశం. వీమ్ ష్యూర్‌బ్యాకప్ లాంటివి తీసిన కాపీని వేరుగా కట్టేసిన గదిలో బూట్ చేసి, డేటాబేస్ లేచిందా అని వాటంతటవే పరీక్షిస్తాయి. బ్యాకప్ పూర్తయిందన్న పచ్చ గుర్తుకూ, కాపీ లేచి నిలబడిందన్న పచ్చ గుర్తుకూ చాలా దూరం.

మెయిళ్లు మైక్రోసాఫ్ట్ దగ్గరున్నాయి కదా

చాలా సంస్థల్లో ఇప్పుడు ఆఫీసులో సర్వరే లేదు. మెయిళ్లు, ఫైళ్లు మైక్రోసాఫ్ట్ 365లోనో గూగుల్‌లోనో ఉంటాయి. వాటికి వేరే బ్యాకప్ ఎందుకన్నది ఒక వాదన. డేటా సెంటర్ కాలినా వాళ్లు చూసుకుంటారన్నది నిజమే. అయితే ఉద్యోగి కావాలని చెరిపినదానికి గడువులున్నాయి. షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్ 93 రోజులు, జీమెయిల్ ట్రాష్ 30 రోజులు. ఆ గడువు దాటాక జరిగిన సంగతి బయటపడితే చేయగలిగింది కొంచెమే. మైక్రోసాఫ్టే తన సేవా ఒప్పందంలో డేటాను క్రమం తప్పకుండా వేరుగా బ్యాకప్ తీసుకోమని సలహా ఇస్తుంది. 2024లో తానే మైక్రోసాఫ్ట్ 365 బ్యాకప్ అమ్మడం మొదలుపెట్టింది. వేగంగా తిరిగి తేవడంలో దాన్ని మించడం కష్టం, కానీ కాపీ కూడా అదే ఇంట్లో ఉంటుంది.

అదే ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనిసూపర్‌కు 2024 మేలో తెలిసింది. గూగుల్ క్లౌడ్‌లో ఒక అమరిక తప్పు వల్ల దాని ప్రైవేట్ క్లౌడ్ మొత్తం చెరిగిపోయింది. ఇంకో సంస్థ దగ్గర కూడా కాపీలు పెట్టుకోవడం యూనిసూపర్‌ను ఆదుకుంది. ఈ వాదనలో బయటి కాపీ పక్షానిదే పైచేయి అనడానికి ఇది చాలు.

చట్టం ఏమంటోంది

మన దేశంలో కంపెనీల ఖాతా పుస్తకాలు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటే వాటి బ్యాకప్ భారత్‌లో ఉన్న సర్వర్‌లో ఉండాలి. అప్పుడప్పుడూ తీస్తే చాలన్న పాత నియమాన్ని 2022 ఆగస్టులో ప్రతిరోజూ తీయాలని మార్చారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఇందులోకే వస్తాయన్నది చాలామంది చిన్న డైరెక్టర్లకు తెలియదు. విదేశీ క్లౌడ్ బ్యాకప్ కొనేటప్పుడు ఏ రీజియన్ అని అడగడం ఇందుకే తప్పనిసరి. అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో రీజియన్లున్నాయి. అంటే దేశం దాటకుండానే వందల కిలోమీటర్ల ఎడంలో రెండు కాపీలు పెట్టుకోవచ్చు.

సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలపాలని ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నియమాలు భద్రతా చర్యల్లో బ్యాకప్‌ను పేరుపెట్టి చేర్చాయి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

ఇంకా తేలనివి

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక చిక్కు కూడా తెచ్చింది. అవసరం తీరాక, లేదా మనిషి సమ్మతి వెనక్కి తీసుకున్నాక అతని వివరాలు చెరిపేయాలి. ఎవరూ చెరపలేని కాపీయే మంచి కాపీ అని బ్యాకప్ రంగం అంటోంది. యూరప్‌లో డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వచ్చిన 2018 నుంచి ఈ గొడవ నడుస్తోంది. గడువు తీరేదాకా కాపీలో ఉండనిచ్చి, ఎప్పుడైనా రీస్టోర్ చేస్తే మళ్లీ చెరపడం ఒక దారి. ఒక్కొక్కరి డేటాకు ఒక్కో ఎన్‌క్రిప్షన్ తాళం పెట్టి ఆ తాళాన్ని పారేయడం ఇంకో దారి. మొదటిది ఆచరణకు దగ్గర, రెండోది సిద్ధాంతానికి దగ్గర. మన దగ్గర ఏది చెల్లుతుందో ఇంకా తేలలేదు.

రక్షించాల్సిన సాఫ్ట్‌వేరే లక్ష్యం కావడం మరో సమస్య. 2024లో వీమ్‌లో బయటపడ్డ ఒక లోపాన్ని సరిచేసుకోని చోట్ల అకీరా, ఫాగ్ ముఠాలు చొరబడ్డాయి. బ్యాకప్ ఎగ్జిక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోని పాత లోపాలనూ ముఠాలు ఇలాగే వాడుకున్నాయి. ఎక్కువమంది వాడేదాని మీదే ఎక్కువ దాడులు జరుగుతాయి కనుక ఫలానాది వాడకండి అనడం న్యాయం కాదు. ప్యాచ్ వచ్చిన వారంలో వేసే మనిషి ఉన్నాడా అన్నదే అడగాల్సింది.

దొంగలు ఇప్పుడు తాళం వేసే ముందు డేటాను ఎత్తుకుపోతున్నారు. బయటపెడతామని బెదిరిస్తే ఏ బ్యాకప్పూ ఏమీ చేయలేదు. డబ్బు కడితే పని త్వరగా అవుతుందన్నదీ భ్రమే. 2021లో అమెరికా ఇంధన సంస్థ కలోనియల్ పైప్‌లైన్ దాదాపు 44 లక్షల డాలర్లు కట్టి తెచ్చుకున్న తాళం విప్పే సాధనం ఎంత నత్తనడక నడిచిందంటే, చివరికి సొంత బ్యాకప్‌లనే వాడుకోవాల్సి వచ్చింది.

కంపెనీల చేతులు మారడం ఇంకో బెంగ. నెట్‌బ్యాకప్ ఒకప్పుడు వెరిటాస్‌ది, 2005లో వెరిటాస్‌ను సిమాంటెక్ కొంది, తరవాత విడదీసి అమ్మింది, 2024 డిసెంబరులో ఆ వ్యాపారం కోహెసిటీలో కలిసింది. మన కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను ఎనిమిదేళ్లు దాచమంటుంది. ఎనిమిదేళ్ల తరవాత ఆ ఫైలును చదివే సాఫ్ట్‌వేర్ ఎవరిదై ఉంటుందో, దానికి లైసెన్సు ఎంత అడుగుతారో ఇవాళ ఎవరూ హామీ ఇవ్వలేరు. ధర పద్ధతులు కూడా ఒక్కొక్కరివి ఒక్కో తీరు. ఒకరు టెరాబైటుకు, ఒకరు మెషీనుకు, ఒకరు మెయిల్ ఖాతాకు లెక్క కడతారు. డేటా ఏటా పెరిగే ఆసుపత్రికి టెరాబైటు లెక్క భారమవుతుంది, మనుషులు ఎక్కువ, డేటా తక్కువ ఉన్న చిట్‌ఫండ్ కంపెనీకి ఖాతా లెక్క భారమవుతుంది. మూడేళ్ల మొత్తం ఖర్చును తమ అంకెలతో వేయించుకోకుండా రేట్లు పోల్చడం వృథా.

ఎవరికి ఏది

ఒకటి రెండు కంప్యూటర్లు, ట్యాలీ, కొన్ని ఎక్సెల్ ఫైళ్లు ఉన్న దుకాణానికి పైన చెప్పిన పెద్ద పేర్లలో చాలావరకు అక్కర్లేదు. వంతులవారీగా మార్చి ఇంటికి తీసుకెళ్లే రెండు హార్డ్ డిస్కులు, పాత వెర్షన్లు దాచే ఒక క్లౌడ్ బ్యాకప్ ఖాతా, దానికి రెండంచెల లాగిన్ చాలు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఆ క్లౌడ్ సర్వర్ దేశంలోనే ఉండాలి, కాపీ రోజూ వెళ్లాలి. డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంచితే మాత్రం రాన్సమ్‌వేర్‌కు అది ఇంకో డ్రైవే.

పాతిక నుంచి రెండు మూడు వందల కంప్యూటర్లు, నాలుగైదు సర్వర్లు ఉన్న ఆసుపత్రి, కాలేజీ, ఎగుమతుల సంస్థ లాంటివాటికి మొదటి బడే సరైనది, డొమైన్‌కు బయట, వేరే పాస్‌వర్డ్‌తో, ఒక ఇమ్యూటబుల్ కాపీతో అమరిస్తే. ఆ అమరిక చేసే మనిషి దొరకని ఊళ్లో రెండో బడి పెట్టెకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు. అంతా క్లౌడ్‌లోనే నడిపేవాళ్లు మూడో బడికి వెళ్లవచ్చు. ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లు దాన్ని నడిపే పద్ధతిని రెండో మనిషి కూడా చూసి చేయగలిగేలా తెలుగులోనైనా రాయించి పెట్టుకోవాలి.

కొనేవాళ్లు ఎవరైనా ఆర్డర్ మీద సంతకం పెట్టకముందే అమ్మేవాళ్లను ఒక పని అడగండి. వాళ్ల డెమో ఫైలు వద్దు, మీ సర్వర్లలో అన్నిటికంటే పెద్దదాన్ని మీ లైను మీదే, మీ కళ్ల ముందు తిరిగి నిలబెట్టమనండి. ఎన్ని గంటలు పట్టిందో కాగితం మీద రాసి, ఏడాదికి రెండుసార్లు అదే పరీక్ష చేసి చూపాలన్న షరతును వార్షిక నిర్వహణ (ఏఎంసీ) ఒప్పందంలో చేర్చండి.